అంతర్జాతీయ సదస్సు ఆహ్వాన పత్రం గారికి

మహారాజశ్రీ ఆహ్వాన పత్రం గారి సముఖమునకు, ప్రెజెంటింగ్ ఆథర్, అనగా సదస్సులో పరిశోధనను సమర్పించవలసిన జూనియర్ డాక్టర్, నమస్కరించి వ్రాయునది ఏమనగా:

ఉభయకుశలోపరి. తమరు ఈ మధ్యాహ్నం పీడీఎఫ్ రూపంలో వేంచేశారు. చాలా సంతోషం. పేరు కూడా సరిగ్గా వేసుకొస్తే ఇంకా సంతోషించేవాళ్లం. "డాక్టర్ డాక్టర్" అని ఉంది, పక్కన ఇంటిపేరు. పేరు గడిలో డాక్టర్ అని కొట్టడం మా తప్పే, ఒప్పుకుంటాం. కానీ బిరుదు గడిలోని డాక్టర్‌ను తెచ్చి దీనికి అతికించి, అసలు పేరును మింగేసింది మాత్రం మీ సాఫ్ట్‌వేరే. పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా పేరు లేకపోతే వీసా ఫైల్లో తమరు ఉన్నా లేనట్టే.

తమరి దర్శనం తేలిక కాదని ముందే తెలుసు. అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) తీసుకున్నామన్న ఈమెయిల్ చూపిస్తే చాలదు. ముందు రిజిస్ట్రేషన్ రుసుం పూర్తిగా కట్టాలి. తర్వాత రసీదు నంబరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ పెట్టి అర్జీ చేసుకోవాలి. అప్పుడు గానీ తమరు కదలరు. తమరు కదిలితే గానీ వీసా ఫైలు కదలదు. వీసా సంగతి తేలకుండా రుసుం కట్టడం తెలివితక్కువ. కట్టకుండా కూర్చుంటే, ప్రెజెంటింగ్ ఆథర్ గడువులోగా రిజిస్టర్ కాలేదని ప్రోగ్రాంలోంచి అబ్‌స్ట్రాక్టే ఎగిరిపోతుంది. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. ఆ సామెత కట్టిన మహానుభావుడు ఏదో ఒక సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్ పంపే ఉంటాడు.

అదంతా సర్దుకుపోతాం. సర్దుకోలేనిది తమరి ఆఖరి పేరా.

మొదటి పేరాలో మా పరిశోధన వినడానికి సభాసదులంతా చెవులు రిక్కించుకుని కూర్చున్నట్టే రాస్తారు. ఆఖరుకొచ్చేసరికి ప్రయాణానికి, బసకు, రిజిస్ట్రేషన్‌కు నిర్వాహకులకు ఏ ఆర్థిక బాధ్యతా లేదంటారు. వీసాకు ఇది హామీ కూడా కాదంటారు. రమ్మనడం మీ మర్యాద, రావడం మా కర్మ. వీసా అధికారి మొదట వెతికేది ఖర్చు ఎవరిదన్న సంగతే. తమరు చేతులు దులిపేసుకున్నాక ఆ భారం జూనియర్ డాక్టర్ బ్యాంకు స్టేట్‌మెంటు మీద పడుతుంది. స్టైపెండు పడిన నాలుగో రోజుకే నీరసించే ఖాతా అది. దానికి తోడుగా ఆసుపత్రి నుంచి సెలవు పత్రం కావాలి, అందులో తిరిగి డ్యూటీలో చేరే తేదీ ఉండాలి. తమరు మాత్రం పరిశోధన శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్ నంబరు, సెషన్ తేదీ, మౌఖికమా పోస్టరా, సంతకం చేసినవారి ఫోన్ నంబరు – ఇవన్నీ వదిలేసి లోగో మాత్రం నాలుగు రంగుల్లో వేసుకొస్తారు.

సదస్సు యూరప్‌లో అయితే షెంజెన్ లెక్కలు, అంటే అక్కడి చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసావి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అర్జీ పెట్టుకోవచ్చు, ఆలస్యమైతే 15 రోజుల ముందు వరకే. నిర్ణయానికి 15 రోజులు, ఇంకా చూడాలనుకుంటే 45. వీసా రుసుం 2024 జూన్ నుంచి 90 యూరోలు, కాదన్నా వెనక్కి రాదు. అబ్‌స్ట్రాక్ట్ ఫలితమే 3 నెలల ముందు వస్తే ఆ 6 నెలల వెసులుబాటు ఎవరికి? మిగిలిన మూడింటిలో తమరు మూడు వారాలు తినేస్తే, అపాయింట్‌మెంటు స్లాటు దొరికేసరికి ఇంకేం మిగులుతుంది? పైగా కనీసం 30,000 యూరోల వైద్య బీమా. వేలమంది డాక్టర్ల మధ్య కూర్చోవడానికి!

ఇంతా చేసి తమరిని పైన పెట్టి ఫైలు ఇస్తే, తిరస్కరణ పత్రంలో ఒక గడికి టిక్కు పడుతుంది: ప్రయాణ ఉద్దేశానికీ, అక్కడ ఉండబోయే పరిస్థితులకూ తగిన ఆధారం చూపలేదని. ఆధారం! ఆ ఆధారం ఎవరనుకున్నావు? నువ్వే! డబ్బు కట్టించుకుని పుట్టావు, పుట్టగానే నాకేం సంబంధం లేదన్నావు. వీసా రాలేదు, రిజిస్ట్రేషన్ రుసుం ఇప్పించమంటే నిర్వహణ ఖర్చులు కోసుకుని మిగిలింది ఇస్తారట, అదీ రద్దు గడువు దాటకపోతేనే. ఆ గడువు వీసా నిర్ణయం కంటే ముందే దాటిపోతుంది. సిగ్గుండాలి.

క్షమించాలి, తమరు అనబోయి నోరు జారింది.

ఇక పరిశోధనను ముద్రించి బోర్డుకు తగిలించే పోస్టరు సంగతి. ఏ0 సైజు అంటే 841 × 1189 మిల్లీమీటర్లు. పొట్టి వైపు నుంచి నిలువుగా చుట్టినా ఆ గొట్టం 84 సెంటీమీటర్లకు తగ్గదు. క్యాబిన్ బ్యాగు 55. గుడ్డ మీద ముద్రిస్తే మడిచి చొక్కాల మధ్య పెట్టుకోవచ్చు. బోర్డు నిలువా అడ్డమా అన్నది కూడా తమరిలో ఉండదు, అడ్డంగా వేసుకెళ్లినవాళ్లకు పక్కవాళ్ల బోర్డు మీదికి పాకడమే గతి.

అయినా తమరిని మూడు కాపీలు ప్రింటు తీస్తున్నాం. ఒకటి వీసా ఫైల్లోకి, ఒకటి ఇమ్మిగ్రేషన్ కౌంటరులో చూపడానికి చేతి సంచిలోకి. మూడోది ఎందుకో చెప్పం. వీసా వస్తే ఫ్రేము కట్టించే ఆలోచన ఉంది.

ఇట్లు,
తమరి విధేయ
ప్రెజెంటింగ్ ఆథర్

తా.క.: పేరు సవరించమని పెట్టిన ఈమెయిల్‌కు జవాబు వచ్చింది. "ప్రియమైన డాక్టర్ డాక్టర్" అని మొదలై, 10 పనిదినాలు పడుతుందని ముగిసింది. వీసా స్లాటు ఎల్లుండి.