ఇంట్లో లుంగీ, సర్వర్‌లో చొక్కా

వానాకాలం, రాత్రి పదకొండున్నర. మధురవాడలో మా ఇంట్లో కరెంటు పోయి గంటయింది. ఇక పడుకుందామని టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే విండోలో, మెషీన్‌ని ఆపేసే ‘సుడో పవర్‌ఆఫ్’ కమాండ్ కొట్టాను. లాప్‌టాప్ నిక్షేపంలా వెలుగుతూనే ఉంది. ఆగిపోయింది ముంబయిలో ఉన్న ఒక క్లయింటు సర్వర్! దాన్ని మళ్లీ లేపాలంటే కన్సోల్ పాస్‌వర్డ్ కావాలి. అది ఉన్నాయన తెల్లారి ఏడింటికి గానీ ఫోనెత్తలేదు.

నిద్రమత్తు అంటారు మిత్రులు. నేనొప్పుకోను. ఒక విండో లాప్‌టాప్‌ది, ఇంకోటి ఆ సర్వర్‌లో లాగిన్ అయి ఉన్నది. రెండు విండోల్లోనూ అదే ఆకుపచ్చ ప్రాంప్ట్ (కమాండ్ కోసం ఎదురుచూసే లైను), అదే యూజర్ పేరు. ఎందుకంటే నా డాట్‌ఫైల్స్‌ని, అంటే సెట్టింగుల ఫైళ్లని, నేనే మురిపెంగా ప్రతి సర్వర్‌కీ మోసుకెళ్లాను. తప్పు చేతిది కాదు, ఆ ఫైళ్లలో ఒకటైన బాష్‌ఆర్‌సీది. సొంత మెషీన్‌లో షెల్ (మన కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్) మొదలయ్యే తీరు, దూరపు మెషీన్‌లో మొదలయ్యే తీరు ఒక్కలా ఉండకూడదు. ఇంట్లో లుంగీతో తిరుగుతాం. గుమ్మం దాటాలంటే చొక్కా వేసుకోమూ?

షెల్ మొదలయ్యేటప్పుడు ఏ సెట్టింగుల ఫైలు ఎప్పుడు చదువుతుందో ఈపాటికి అందరికీ తెలిసిందే. లాగిన్ అవగానే మొదలయ్యే లాగిన్ షెల్ అయితే, లైనక్స్‌లో మామూలుగా ఉండే బాష్ అనే షెల్ ముందు ఈటీసీ ఫోల్డర్‌లోని ప్రొఫైల్‌ని, ఆపైన మన హోమ్‌లోని బాష్‌ప్రొఫైల్, బాష్‌లాగిన్, ప్రొఫైల్‌లలో మొదట దొరికిన ఒక్కదాన్ని చదువుతుంది. లాగిన్ కాకుండా మనం తెరిచే షెల్ అయితే బాష్‌ఆర్‌సీ. మ్యాక్‌లో టెర్మినల్ తెరిచే ప్రతి విండో లాగిన్ షెల్లే, పైగా 2019లో కాటలినా వెర్షన్ వచ్చినప్పటి నుంచి అక్కడ డిఫాల్ట్ జెడ్‌షెల్ అనే వేరే షెల్. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, దూరపు మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఒక్క కమాండ్ పంపి వదిలేసినప్పుడు, ఎదురుగా మనిషి లేకపోయినా బాష్ ఆ బాష్‌ఆర్‌సీని చదువుతుంది. తనను నడిపిస్తున్నది నెట్‌వర్క్ అని పసిగట్టి మరీ చదువుతుంది. మన కుర్రాళ్లు అందులో ఇంగ్లిష్‌లో ‘వెల్‌కమ్’ అని ఒక పలకరింపు పెడతారు. ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్లు పంపే ఎస్‌ఎఫ్‌టీపీ ఆ మాటను పలకరింపు అనుకోదు. మొదటి నాలుగు అక్షరాలను రాబోయే ప్యాకెట్ పొడవుగా లెక్కేస్తుంది. ఆ నాలుగు బైట్లనూ అంకెగా చదివితే 1466264675! నూట నలభై ఆరు కోట్ల బైట్ల మెసేజా, నావల్ల కాదంటూ తప్పుకుంటుంది. బ్యాకప్‌లకు వాడే ఆర్‌సింక్ ఇంకాస్త మర్యాదస్తురాలు. ప్రోటోకాల్ కుదరలేదని చెప్పి, ‘నీ షెల్ శుభ్రంగా ఉందా?’ అని అడుగుతుంది. నిజంగానే ఆ ఎర్రర్ మెసేజ్‌లో ఉన్న ప్రశ్న అది. రాత్రి బ్యాకప్ ఆగిపోయిందని మర్నాడు ఫైర్‌వాల్‌ని తిట్టేవాళ్లలో ఎంతమంది ముందు ఆ ప్రశ్నకు జవాబు వెతికారు?

డెబియన్, ఉబుంటు అనే లైనక్స్‌లు ఇచ్చే బాష్‌ఆర్‌సీలో దీనికి మందు మొదటి లైన్లలోనే ఉంది. మనిషి కూర్చుని వాడుతున్న షెల్ కాకపోతే అక్కడి నుంచే వెనక్కి వెళ్లిపొమ్మంటుంది. మనవాళ్లు ఎక్కడో కాపీ చేసిన ముక్కను సరిగ్గా దాని పైన అతికిస్తారు. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, పలకరిద్దామని పెట్టిన మాట బ్యాకప్‌ని మింగేస్తుంది.

ఇక రంగు సంగతి. ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికొస్తే ‘ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్’ అనే వేరియబుల్ (షెల్ గుర్తుపెట్టుకునే విలువ) ఉంటుంది. అది కనబడితే ప్రాంప్ట్ ఎర్రగా మార్చమని చాలామంది సలహా. సగమే సరైన సలహా ఇది. సుడోతో రూట్‌లోకి, అంటే సర్వాధికారాలున్న ఖాతాలోకి, వెళ్లగానే మామూలుగా ఆ వేరియబుల్ మాయమవుతుంది. అంటే సరిగ్గా ప్రమాదం ఉన్న చోటే ఎరుపు పోతుంది. అందుకే ఎరుపును ఆ సర్వర్‌లోనే, రూట్ బాష్‌ఆర్‌సీలో కూడా, హోస్ట్ పేరుతో సహా రాసిపెట్టాలి. డెబియన్‌లో మాలీగార్డ్ అని చిన్న ప్యాకేజీ ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉండి పవర్‌ఆఫ్ కొడితే ముందు మెషీన్ పేరు టైపు చేయమంటుంది. ఆ రాత్రి అది ఉండి ఉంటే నేను లాప్‌టాప్ పేరు కొట్టేవాణ్ణి, అది ఆపననేది, ఇద్దరం సుఖంగా పడుకునేవాళ్లం.

అన్నిచోట్లా ఒకే సెట్టింగులుంటే చేతికి అలవాటు తప్పదు, పని వేగం పెరుగుతుందని ఎదుటివాళ్ల వాదన. ఏలియాస్‌లు (కమాండ్లకు పెట్టుకునే పొట్టి పేర్లు), ఎడిటర్ సెట్టింగుల వరకూ ఒప్పుకుంటాను, నేనూ గిట్‌లోనే దాచుకుంటాను. కానీ ఎక్కడున్నామో కంటికి చెప్పే ప్రాంప్ట్‌కి ఈ వాదన ఎలా వర్తిస్తుంది?

ఒకటి మాత్రం దూరపు లాగిన్‌లో తప్పకుండా మన వెంట రావాలి. మన భాష. ఉబుంటులో ఎస్‌ఎస్‌హెచ్ మన లొకేల్‌ని, అంటే భాష సెట్టింగుని, కూడా సర్వర్‌కి పంపుతుంది. లాప్‌టాప్‌ని తెలుగులో పెట్టుకున్నవాళ్లు లాగిన్ అవగానే, ఈ లొకేల్ కుదరదని సర్వర్ విసుక్కుంటుంది, ఎందుకంటే అక్కడ తెలుగును ఎవరూ జనరేట్ చేయలేదు. సింహాచలం ఫొటోలున్న ‘చందనోత్సవం’ అనే ఫోల్డర్‌ని, ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కొట్టి చూడండి. అక్షరాలకు బదులు ఆ పేరులోని ముప్పై బైట్లు ముప్పై అంకెలుగా పరుచుకుంటాయి, అందులో 340 అన్నది పదిసార్లు. నెత్తిన చందనం పూసుకున్నట్టే ఉంటుంది, మాట మాత్రం కనబడదు.

ఫైలు చెడిపోలేదు, సర్వర్‌కి చూపించడం రాలేదంతే. సర్వర్ బాష్‌ప్రొఫైల్‌లో, తెలుగు లేకపోతే కనీసం ఏ భాష అక్షరాలనైనా చూపించగల సీ-యూటీఎఫ్-8 వాడమని ఒక లైను రాస్తే అక్షరాలు తిరిగొస్తాయి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఏఐ హబ్‌కి అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. ఎకరాలెన్ని, మెగావాట్లెన్ని అని ఊరంతా లెక్కలు కడుతోంది. ఆ మెషీన్లలో లాగిన్ అయ్యేవాడు చందనోత్సవం అని టైపు చేస్తే చందనోత్సవమనే కనబడుతుందా అని అడిగినవాళ్లు నాకింకా తగల్లేదు. కావాల్సిన లొకేల్‌ని తయారుచేసే లొకేల్-జెన్ అని ఒక్క కమాండ్ పని. గాజువాక కుర్రాడైనా కొట్టగలడు, ముందు ఆ మెషీన్‌లో ప్రాంప్ట్ ఏ రంగులో ఉందో చూసుకుని.