శిక్ష అయిపోయాక కాలికి నిఘా పట్టీ ఎందుకు, ఖర్చు ఎవరిది?

2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడి, కొందరు తెలుగు విద్యార్థుల కాళ్లకు ట్రాకింగ్ పరికరాలు తగిలిస్తే మనవాళ్ల గగ్గోలు ఢిల్లీ దాకా వినిపించింది. న్యాయమైన కోపమే. ఇక్కడ అమెరికాలో జైలు నుంచి విడుదలైనవాళ్లు కాలికి అలాంటి జీపీఎస్ పట్టీతోనే మన చుట్టుపక్కల తిరుగుతున్నారు. వాళ్ల గురించి మాత్రం మనం నోరెత్తం.

నిఘా పూర్తిగా వద్దని కాదు. బాధితురాలి ఇంటి వైపు ఫలానావాడు రాకూడదంటే జీపీఎస్ ఉపయోగమే. గడువు లేకపోవడం, ఖర్చు తొడుక్కున్నవాడి నెత్తిన వేయడం మాత్రం తప్పు.

పట్టీని కోస్తే లోపలి ఫైబర్ తెగి అలారం వెళ్తుంది. ఆ భాగం బాగానే పనిచేస్తుంది. తంటా అంతా బ్యాటరీతో, సిగ్నల్‌తో. చాలా మోడళ్లకు రోజుకు సుమారు 2 గంటల ఛార్జింగ్ కావాలి, విప్పడానికి వీల్లేదు, కాబట్టి ప్లగ్గు పక్కన కాలు చాపుకుని కూర్చోవాల్సిందే. నిద్రలో పెట్టుకుంటే వైరు ఊడుతుంది, తెల్లారేసరికి బ్యాటరీ చచ్చిపోతుంది, అది విడుదల షరతుల ఉల్లంఘన కింద రాసుకుంటారు. రేకుల గోదాముల్లో, బేస్‌మెంట్లలో ఉపగ్రహ సిగ్నల్ అందదు. షిఫ్టు మధ్యలో నిఘావాళ్ల ఫోను: బయటికెళ్లి నిలబడు. అలా పదే పదే వెళ్లేవాణ్ణి ఏ సూపర్‌వైజరు ఎన్నాళ్లు ఉంచుకుంటాడు? ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది గనక, మనిషి కదలకపోయినా మ్యాపులో చుక్క వీధి దాటుతుంది. అవతల నిషేధిత ప్రాంతం ఉంటే మరో అలర్టు. ఎంఆర్‌ఐ స్కాన్ తీయించుకోవాలన్నా ముందు ఆఫీసరు అనుమతితో పట్టీ తీయించుకోవాలి.

ఒంటికి పరికరం కట్టి కదలికలు గమనించడం అకారణ సోదాలను నిషేధించే రాజ్యాంగం నాలుగో సవరణ కింద సోదాయేనని అమెరికా సుప్రీం కోర్టు 2015లో నార్త్ కరోలినాకు చెందిన గ్రేడీ కేసులో తేల్చింది. జార్జియాలో ప్రమాదకర లైంగిక నేరస్థులని ముద్రపడ్డవాళ్లు శిక్ష మొత్తం పూర్తిచేసినా జీవితాంతం పట్టీ కట్టుకోవాలి, ఖర్చూ వాళ్లే భరించాలి అని చట్టం ఉండేది. శిక్ష ముగిసినవాళ్ల విషయంలో అది చెల్లదని 2019లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు కొట్టేసింది. ఇంగ్లండులో 2021లో కొన్ని ప్రాంతాల్లో, దొంగతనం, దోపిడీ కేసుల్లో ఏడాది, అంతకుమించి శిక్షపడి విడుదలైనవాళ్లకు జీపీఎస్ ట్యాగు వేయడం మొదలుపెట్టారు. గరిష్ఠంగా 12 నెలలే, ఫీజు లేదు. ఇక్కడ అమెరికాలో మాత్రం చాలాచోట్ల రోజువారీ రుసుము.

మన కౌంటీలో ఈ పని ఏదైనా ప్రైవేటు కంపెనీ చేస్తుంటే ఆ కాంట్రాక్టు కాపీ తెప్పించాలి. రోజు ఫీజెంత, కట్టలేనివాడికి మినహాయింపు ఉందా, సిగ్నల్ ఎన్ని నిమిషాలు పోతే ఉల్లంఘన, అర్ధరాత్రి అలర్టును మనిషి చూస్తాడా అన్నవి అందులో వెతకాలి. అందులో లేనివి కౌంటీ కమిషనర్ల సమావేశంలో అడగాలి. జార్జియాలోనైతే ఓపెన్ రికార్డ్స్ చట్టం (మన సమాచార హక్కు చట్టంలాంటిది) కింద అడిగినదానికి అధికారులు 3 పనిదినాల్లో స్పందించాలి.