డబ్బా మీది రంగు బిళ్ళ గారికి

మహారాజశ్రీ వాల్‌నట్ రంగు బిళ్ళ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. నా నేల క్షేమంగా లేదు.

చెక్కకి రంగు పట్టించే స్టెయిన్ డబ్బా మీద అంగుళం మేర నిగనిగలాడుతున్న మిమ్మల్ని చూసి మనసు పారేసుకున్నాను. "రాయండి, తుడవండి, అంతే" అన్నారు. మూడు రోజులు మోకాళ్ళ మీద దేకినవాడికి ఆ 'అంతే' ఎంత తియ్యగా వినిపిస్తుందో మీకేం తెలుసు? నా నేలకి పరిచినవి పాత ఇంట్లోంచి ఊడదీసి తెచ్చిన పైన్ చెక్క పలకలండీ. లోపల విరిగి ఉండిపోయిన మేకులు ఉప్పు కాగితాన్ని నిలువునా చించాయి. పాత వార్నిష్ వేడికి కరిగి, బంకై నునుపు పట్టే మెషిన్‌కి అంటుకుంది. దుమ్ము సంగతి అడక్కండి, ఇంకా తుమ్ముతూనే ఉన్నాను. గరుకు ఉప్పు కాగితం నుంచి నున్నటి దాకా 40 నంబరు, 60, 80, 100. ఆఖరికి అరచేత్తో నిమిరితే ఎక్కడా పుల్ల గుచ్చుకోలేదు. అక్కడితో ఆపేయాల్సింది.

నిన్న మధ్యాహ్నం మీ డబ్బా మూత తీశాను.

మొదటి పలక మీద రాసి, పది నిమిషాలాగి తుడిచాను. ఒకచోట టీ ఒలికినట్టు నలుపు, పక్కనే అసలు రంగే అంటనట్టు తెలుపు. పైన్‌లో వసంతంలో పెరిగిన మెత్తటి భాగం రంగును గటగటా తాగేస్తుంది. దాని పక్కనే, వేసవి చివర్లో ముదిరిన గట్టి గీత చుక్క కూడా పుచ్చుకోదు. దాంతో ముదురు గీతలు లేతగా, లేతవి ముదురుగా తేలి, ఫొటో నెగటివ్ మీద నడుస్తున్నట్టుంది. సరిగ్గా తుడవలేదేమోనని మళ్ళీ తుడిచాను. చాల్లేదేమోనని ఇంకో పూత వేశాను. మచ్చలు ఇంకా ముదిరాయి. వాటి మధ్యలో, అంతవరకు కళ్ళబడని మెషిన్ గీతలు కూడా గుండ్రంగా లేచి నవ్వాయి.

అప్పుడు డబ్బా తిప్పి చూశాను. వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో: నమూనా ఓక్ చెక్కపై తీసినది. మెత్తటి చెక్కకు ముందుగా కండిషనర్ (రంగు సమంగా పట్టేందుకు వేసే పూత) పట్టించవలెను.

ఓక్! నేను కొన్నది మెత్తటి పైన్ కోసం. నువ్వు కూర్చున్నది గట్టి ఓక్ మీద. ఆ ఒక్క ముక్క ముందు వైపు రాస్తే నీ సొమ్మేం పోయింది? నీ నిగనిగకి అంత చోటుంది, నిజానికి గోరంత చోటు దొరకలేదా? నా మోకాళ్ళు చూస్తావా? నా మూడు రోజులు ఎవడిస్తాడు?

క్షమించాలి. మర్యాద తప్పాను.

నూనె రంగు తుడిచిన గుడ్డల్ని కుప్పగా పడేస్తే వాటంతటవే అంటుకుంటాయని ఎరుగుదును కాబట్టి, రాత్రి వాటిని ఒక్కొక్కటీ విప్పి బయట ఆరేశాను. ఆపాటి మర్యాద నాకు మీరెవరూ చెయ్యలేదు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. తలుపు వెనక మూలలోకి మెషిన్ దూరలేదు. చేత్తో గీకే ఓపిక లేక, పాత వార్నిష్‌ని పైపైన గోకి వదిలేశాను. చెక్కలో ఇంకిన ఆ పాత వార్నిష్ రంగుని అతిగా తాగనివ్వలేదేమో, ఆ జానెడు చోటు అచ్చం మీలాగే వచ్చింది. ఇంటి మొత్తానికి నేను బద్ధకించింది అక్కడొక్కచోటే.

రేపు మళ్ళీ 60 నంబరు దగ్గర మొదలు. ఆ మూల మాత్రం ముట్టుకోను. ఎవరైనా వస్తే తలుపు వేసి మరీ చూపిస్తాను.

ఇట్లు,
మీ మాజీ అభిమాని