గెలిపించినవాడికి ఇదా మర్యాద!

ఉజ్బెకిస్తాన్‌ను తొలిసారి ప్రపంచకప్ ఫుట్‌బాల్ గడప తొక్కించిన కోచ్ తైమూర్ కపాద్జెను ఆ దేశ ఫుట్‌బాల్ సమాఖ్య 2025 అక్టోబర్‌లో పక్కకు జరిపింది. ఆ కుర్చీలో ఇటలీ దిగ్గజం ఫాబియో కన్నవారోను కూర్చోబెట్టింది. 2025 జూన్ 5న అబుదాబిలో యూఏఈని గోల్ లేకుండా నిలువరించి బెర్తు ఖాయం చేసుకున్నప్పుడు కోచ్‌గా బెంచ్ మీద ఉన్నది కపాద్జె. ఆ సెప్టెంబర్‌లో ఇరాన్‌ను ఓడించి మధ్య ఆసియా దేశాల నేషన్స్ కప్ గెలిచినప్పుడూ అతడే. అండర్-23 కుర్రాళ్లను పారిస్ ఒలింపిక్స్‌కు తీసుకెళ్లిందీ అతడే. ఓడితే ఉద్వాసన తప్పదని ప్రతి కోచ్‌కూ తెలుసు. గెలిచినా ఉద్వాసనే అయితే ఇక స్వదేశీ కోచ్ దేనికోసం చెమటోడ్చాలి?

ప్రపంచకప్ లాంటి వేదికకు పేరున్న అనుభవజ్ఞుడు కావాలనే వాదన ఒకటి ఉంది. ఆ అనుభవం ఎంతో చూద్దాం.

ఆటగాడిగా కన్నవారోకు వంక పెట్టేవారు లేరు. ఇటలీలోని నేపుల్స్ వీధుల్లో పెరిగినవాడు. 1990 ప్రపంచకప్‌లో సొంతూరి మైదానంలో బంతులందించిన కుర్రాడు, పదహారేళ్ల తర్వాత బెర్లిన్‌లో అదే కప్పును కెప్టెన్‌గా ఎత్తాడు. ఆ టోర్నీలో ఇటలీ ఆడిన 7 మ్యాచ్‌లలో దాని వలలో పడినవి 2 గోల్స్. ఒకటి సొంత ఆటగాడి పొరపాటు, రెండోది ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ పెనాల్టీ. ఎదుటివాళ్లు ఆడుతూ పాడుతూ కొట్టిన గోల్ ఒక్కటీ లేదు! ఆరడుగులైనా లేని ఈ డిఫెండర్ గాలిలోకి లేచి పొడుగరులను మించి బంతిని తలతో తోసేవాడు. ఏటా ఉత్తమ ఫుట్‌బాలర్‌కు ఇచ్చే బాలన్ డి'ఓర్ అవార్డు ఆ ఏడాది అతడిదే. ఆ తర్వాత మరే డిఫెండర్‌కూ అది దక్కలేదు.

కోచ్ కన్నవారో సంగతి వేరు. చైనాలో గ్వాంగ్‌జౌ క్లబ్‌కు 2019లో లీగ్ టైటిల్ అందించాడు, అది కాదనలేం. 2024లో ఇటలీ క్లబ్ ఉడినేసేను చివరి మ్యాచ్ దాకా పోరాడి రెండో అంచె లీగ్‌కు జారకుండా కాపాడాడు. కానీ సౌదీ క్లబ్ అల్ నస్ర్‌లో, ఇటలీ రెండో అంచెలోని బెనెవెంటోలో నెలల్లోనే వేటు పడింది. 2025లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ అతడిని నాలుగు నెలలైనా ఉంచుకోలేదు. ఇక జాతీయ జట్టు అనుభవమా? 2019 మార్చిలో చైనాకు రెండే మ్యాచ్‌లు. థాయిలాండ్ చేతిలో ఓటమి, ఆ వెంటనే మరో ఓటమి. ఆ రెండోసారి ఓడించింది స్వయంగా ఉజ్బెకిస్తానే! ప్రపంచకప్‌లో కోచింగ్ కపాద్జెకు కొత్త అనుకుంటే, అప్పటికి కన్నవారోకూ కొత్తే. మరి తేడా ఏమిటి? పేరు. అదొక్కటే.

కన్నవారోను నిందించడం మా ఉద్దేశం కాదు. పిలిస్తే వచ్చాడు. మా ఆందోళనంతా ఉజ్బెక్ రాజధాని తాష్కెంట్ వేసిన ఈ దారి గురించే. ఇంటివాడు దుక్కి దున్ని, నారు పోసి, నీరు పెట్టాలి. కోతల వేళకు పొరుగూరి పెద్దమనిషిని పిలిచి కొడవలి చేతికివ్వాలి. ఇదే ఆనవాయితీ అయితే ఆసియాలో ఎదుగుతున్న ప్రతి జట్టులోనూ స్థానిక కోచ్ ఎప్పటికీ తాత్కాలికుడే.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చిపెట్టి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిపింది మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. అంతటి కోచ్‌ను కన్న దేశం ఆ తర్వాత దశాబ్దాల పాటు విదేశీ పేర్ల వెంట పరుగెత్తింది. 13 ఏళ్ల విరామం తర్వాత 2025 ఆగస్టులో పూర్తిస్థాయి పగ్గాలు మళ్లీ ఓ భారతీయుడికి, ఖాలిద్ జమీల్‌కు దక్కాయి. కపాద్జె గెలిచిన ఆ నేషన్స్ కప్‌లోనే జమీల్ జట్టు మూడో స్థానం తెచ్చుకుంది. రేపు అతడు ఇంకో మెట్టెక్కిస్తే మన సమాఖ్య పెద్దలూ తాష్కెంట్‌ను చూపించి ఏ యూరప్ దిగ్గజానికో ఫోన్ చేయరన్న హామీ ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పాలి.

కపాద్జె చేసిన తప్పేమిటో ఉజ్బెక్ సమాఖ్య తన ఆటగాళ్ల ముందు, అభిమానుల ముందు నిలబడి చెప్పాలి. చెప్పలేకపోతే సిగ్గుపడాలి.