"డ్రైవ్ సేఫ్" అని మెసేజ్ పెడితే బాధ్యత తీరిపోదు

ఈ శనివారానికి మళ్ళీ వింటర్ స్టార్మ్ వాచ్, అంటే మంచు తుఫాను రావచ్చన్న ముందస్తు హెచ్చరిక, వచ్చింది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో మళ్ళీ అదే తంతు. ఒకరు ఫోన్‌లో వెదర్ యాప్ స్క్రీన్‌షాట్ పెడతారు, మూడు నుంచి ఐదు అంగుళాల మంచు పడుతుందని. ఇంకొకరు "అంతేగా" అంటారు. సంక్రాంతి సంబరాల నిర్వాహకులు "ప్రోగ్రాం యథావిధిగా ఉంటుంది, అందరూ డ్రైవ్ సేఫ్" అని ఓ దణ్ణం బొమ్మ పెడతారు. షాపు ఓనరుని సెలవు అడిగితే "పొద్దున చూసి చెప్తాలే" అంటాడు.

ఈ "పొద్దున చూసి చెప్తాలే" అన్నమాట మీదే నా కోపమంతా. మామూలు ఊళ్ళలో అది సరిపోతుందేమో. ఈరీ సరస్సు ఒడ్డున సరిపోదు. ఇక్కడ పొద్దున్నే కిటికీలోంచి చూస్తే తెలిసేది ఏమీ ఉండదు.

ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదవండి. ఉత్తర అమెరికాలోని గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సులు అయిదింటిలో ఈరీ అన్నిటికన్నా లోతు తక్కువది, సగటున 62 అడుగులే. చలికాలం మొదట్లో నీళ్ళలో ఇంకా వేడి మిగిలే ఉంటుంది. కెనడా వైపు నుంచి వచ్చే చల్లగాలి ఆ నీళ్ళ మీదుగా సాగుతూ వేడినీ తేమనీ పీల్చుకుంటుంది. నీటి ఉపరితలానికీ, సుమారు 5000 అడుగుల ఎత్తులో గాలికీ మధ్య 13 డిగ్రీల సెల్సియస్ తేడా ఉంటే చాలు, మేఘాలు లేచిపోతాయి. ఆ సరస్సు పొడవు దాదాపు 240 మైళ్ళు. గాలి పడమర-నైరుతి నుంచి, అంటే సరిగ్గా ఆ పొడవు వెంబడి వీచిందా, మేఘాలన్నీ ఒకే బ్యాండ్‌గా, అంటే సన్నటి పట్టీలా, బిగుసుకుని సరస్సు కొసన ఉన్న బఫెలో మీదికి వచ్చి పడతాయి. ఆ బ్యాండ్ కింద గంటకి మూడు అంగుళాల మంచు పడటం వింతేమీ కాదు. ఒక్కోసారి మంచు కురుస్తూనే ఉరుములూ మెరుపులూ వస్తాయి.

అసలు ప్రమాదం ఆ బ్యాండ్ వెడల్పులో ఉంది. పొడవు వంద మైళ్ళున్నా వెడల్పు పది, పదిహేను మైళ్ళు ఉంటే ఎక్కువ. గాలి కాస్త పడమరకి తిరిగితే అది దక్షిణ శివార్లకి, హాంబర్గ్, ఆర్చర్డ్ పార్క్ వైపు జారుతుంది. నైరుతికి తిరిగితే ఉత్తరాన ఆమ్‌హర్స్ట్, టోనవాండా మీదికి ఎక్కుతుంది. వాయవ్య గాలైతే సన్నసన్న పాయలుగా విడిపోయి షటాక్వా కొండల మీద కురుస్తుంది. కాబట్టి ఆమ్‌హర్స్ట్‌లో యూనివర్సిటీ క్యాంపస్ దగ్గర కళ్ళు చెదిరే ఎండ కాస్తున్న సమయంలోనే, ఇరవై మైళ్ళ అవతల తన కారు ముందుభాగం తనకే కనపడక మనిషి రోడ్డు మధ్య ఆగిపోయి ఉంటాడు. "ఇక్కడ ఎండగానే ఉంది, వచ్చెయ్ తమ్ముడూ" అని ఫోన్‌లో చెప్పే ఓనరు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ తమ్ముడు రావాల్సిన దారి గురించి ఆ ఎండ ఏమీ చెప్పదు.

2014 నవంబర్‌లో జరిగింది ఇదే. దక్షిణ శివార్లలో అయిదడుగులు దాటి, కొన్నిచోట్ల ఏడడుగుల దాకా మంచు పడింది. కొన్ని మైళ్ళు ఉత్తరాన అంగుళాల్లోనే సరిపెట్టింది. హైవే మీద చిక్కుకున్న వాళ్ళలో కొందరు ఒక పగలూ రాత్రీ దాటి కార్లలోనే ఉండిపోయారు.

ఇప్పుడు ఆ యాప్ అంకె సంగతి. ఒక ఊరి పేరు కొడితే ఒక బొమ్మ, ఒక అంకె వస్తాయి. బ్యాండ్ మీ వీధి మీద ఆగితే రెండడుగులు, ఆగకపోతే సున్నా అనే పరిస్థితిని అది "మూడు నుంచి ఐదు" అని చూపిస్తుంది. ప్రభుత్వ వాతావరణ శాఖ అయిన నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళ బఫెలో ఆఫీసు రోజుకి చాలాసార్లు ఫోర్‌కాస్ట్ డిస్కషన్ రాస్తుంది. గాలి ఏ గంటకి ఎటు తిరుగుతుందో, బ్యాండ్ ఎప్పుడు ఏ వైపు కదలొచ్చో, ఏ విషయంలో తమకి నమ్మకం తక్కువో విడమరిచి చెప్తారు. ఉచితం. అయిదు నిమిషాల చదువు. వాచ్ అంటే అవకాశం బలంగా ఉంది, సిద్ధపడమని. వార్నింగ్ అంటే వచ్చేస్తోంది, లేదా వచ్చేసిందని. ఈ తేడా కూడా తెలుసుకోకుండా వందమందిని హాలుకి పిలవడం నాకు క్షమించరాని విషయం.

మనం ఇలాంటివి తెలియని జనం కాదు. కోస్తాలో పెరిగినవాళ్ళకి మచిలీపట్నం పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో రేడియోలో వినగానే అర్థమయ్యేది. ఆకాశం నీలంగా ఉన్నా పడవలు ఒడ్డుకి లాగేసేవాళ్ళు. ఆ తెలివిడి ఇక్కడికి వచ్చేసరికి ఏమైపోయింది?

2022 డిసెంబర్ 23 గురించి చెప్పకుండా ఉండలేను. అది శుక్రవారం, క్రిస్మస్ వీకెండ్. తరానికి ఒకసారి వచ్చే స్థాయి తుఫాను అని వెదర్ సర్వీస్ రోజుల ముందే రాసింది. అంచనా తప్పలేదు. గంటకి 70 మైళ్ళు దాటిన గాలులు, 37 గంటల పాటు విడవని బ్లిజార్డ్ (ఈదురుగాలితో దారి కనపడనివ్వని మంచు తుఫాను), ఎయిర్‌పోర్టు దగ్గర 50 అంగుళాలు దాటిన మంచు. బఫెలో ఉన్న ఈరీ కౌంటీలో ప్రయాణ నిషేధం ఆ శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకి అమల్లోకి వచ్చింది. అప్పటికి ఎంతోమంది ఉద్యోగాలకి బయల్దేరిపోయారు. ఫైరింజన్లు, అంబులెన్సులు, చివరికి మంచు తీసే బండ్లు కూడా ఇరుక్కుపోయాయి. 40 మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో, కొందరు నడిచి వెళ్తూ రోడ్డు మీద, కొందరు కరెంటు పోయి హీటింగ్ ఆగిన ఇళ్ళలో. దెబ్బ ఎక్కువగా పడింది నగరం తూర్పు వైపు పేద నల్లజాతి పేటల మీద. సైన్స్ చేయాల్సింది చేసింది. హెచ్చరికకీ నిర్ణయానికీ మధ్య పోయిన సమయంలో మనుషులు పోయారు.

అదే ఫుట్‌బాల్ మ్యాచ్ అయితే చూడండి. 2022 నవంబర్‌లో మంచు తుఫాను వస్తోందని బఫెలో జట్టు బిల్స్ ఆదివారం మ్యాచ్‌ని ముందుగానే డెట్రాయిట్‌కి మార్చేశారు. 2024 జనవరిలో ప్లేఆఫ్ మ్యాచ్‌ని ఆదివారం నుంచి సోమవారానికి జరిపారు. ఆ మాట శనివారమే చెప్పారు. చాలా మంచి పని, నేను తప్పు పట్టడం లేదు. టీవీ ప్రసారాలు, వేల టికెట్లు, ఇంత పెద్ద వ్యవహారాన్ని కదపగలిగినప్పుడు, గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో నిలబడే పిల్లాడి ఆదివారం షిఫ్టుని కదపలేమా? మన సంబరాలని వచ్చే శనివారానికి జరపలేమా?

కిందటేడు ఇలాంటి వీకెండ్‌లోనే నాకు బాగా తెలిసిన కుర్రాడు షిఫ్టుకని బయల్దేరి దారిలో ఇరుక్కున్నాడు. అతని మేనేజరు చివరి నిమిషం దాకా అవుననీ కాదనీ చెప్పలేదు. కారు హీటర్ వేసుకుని కూర్చున్నాడు. వెనక పొగ గొట్టం మంచులో కూరుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు. మేం ఫోన్ చేసి చెప్తే దిగి చేతులతో తవ్వుకున్నాడు. క్షేమంగానే ఉన్నాడు. వాళ్ళ అమ్మకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. ఆ టెన్షన్ నేను మర్చిపోలేను.

అందుకే అడుగుతున్నాను. వీకెండ్‌కి వాచ్ ఉంటే గురువారం రాత్రికల్లా నిర్ణయం చెప్పండి. షాపు మూసేస్తే ఆ షిఫ్టు జీతం ఇవ్వండి. ఇవ్వకపోతే అద్దె కట్టాల్సిన పిల్లలు ఎలాగైనా బయల్దేరతారు. రాచెస్టర్ నుంచీ పెన్సిల్వేనియాలోని ఈరీ ఊరి నుంచీ ఐ-90 హైవే మీద పసిపిల్లలతో వచ్చే కుటుంబాల్ని ఎదురుచూసే సంబరం ఏదైనా ఆగొచ్చు. హాలు అడ్వాన్సు పోతుందంటే నా వంతు నేను వేస్తాను, అడిగితే వేసేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. నిర్వాహకులకి ఈ మాటే మెసేజ్ పెట్టాను. చూశారు, జవాబు రాలేదు. రేపు గురువారం.