ఆల్ఫా గట్టెక్కేదెలా?

ప్రశ్నావళి పంచారు, రెండు వందల మంది నింపారు. తీరా లెక్క కడితే, ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె (1కి దగ్గరైతే మేలు), అదే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.58! ఇలాంటి ఆపదలో పడ్డ పరిశోధకుల కోసం, అందులోంచి ఇంకా బయటపడని నేను కొన్ని ఉపాయాలు మనవి చేసుకుంటున్నాను.

ముందు తప్పెవరిదో తేల్చుకోవాలి. జవాబులిచ్చినవాళ్లదే. 'మీ పైఅధికారి న్యాయంగా, వేగంగా పనిచేస్తారా?' అని ఒకే ప్రశ్నలో రెండు సంగతులు ఇరికించినంత మాత్రాన మనదెలా అవుతుంది?

నాకోసారి ఆల్ఫా మైనస్‌లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ పాడైందనుకున్నాను. చూస్తే, 'పని హాయిగా సాగుతోంది' అన్నదానికి 5 వేసిన మనిషే 'పనంటే విసుగొస్తోంది' అన్నదానికి 1 వేశాడు. పాపం, అతను మాట మీదే ఉన్నాడు. రెండోది ఎదురు అర్థంలో ఉన్న ప్రశ్న కనుక, 1 నుంచి 5 దాకా ఉన్న స్కేలులో ఆ 1ని 6లోంచి తీసి 5గా తిప్పడం మరిచింది నేను. ఇలాంటివి బయటికి చెప్పకూడదు. 'నమూనాలో వైవిధ్యం ఎక్కువ' అని రాసుకోవాలి.

జవాబు రాని చోట 99 కొట్టి, అది ఖాళీ అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పకుండా వదిలేసినా మేలే. కొందరు అన్ని ప్రశ్నలూ వదిలేస్తే వాళ్ల వరుసంతా 99లే. ఆల్ఫా ఆకాశానికంటుతుంది.

గట్టు ఎక్కడో తెలుసుగా, 0.70. మనస్తత్వ కొలతల నిపుణుడు నన్నలీ 1978లో ఆ అంకె చెప్పింది పరిశోధన తొలిదశకు. మనుషుల గురించి ముఖ్యమైన నిర్ణయాలు తీసుకునేటప్పుడు 0.90 కూడా కనీసమేనన్నాడు. అంతదాకా చదివే తీరికెవరికి?

అంకె చాలకపోతే ప్రశ్నలు పెంచండి. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం (రెండు ప్రశ్నల జవాబులు కలిసి పెరిగి, కలిసి తగ్గే తీరు) 0.2 ఉంటే 5 ప్రశ్నలకు ఆల్ఫా 0.56, అలాంటివే 10 పెడితే 0.71. కొలత బాగుపడిందా, ప్రశ్నావళి బరువెక్కిందా అని అడిగేవాళ్లను దూరం పెట్టండి.

పెంచే ఓపిక లేకపోతే తీసేయండి. ఏ ప్రశ్న తీస్తే ఆల్ఫా ఎంతవుతుందో చూపే పట్టిక ఉండనే ఉంది. నా ఒత్తిడి స్కేలులో డబ్బు గురించిన ప్రశ్న మిగతావాటితో కలవలేదు, తీసేశాను. ఇంటి గొడవల ప్రశ్న పోయింది, పనిభారం పోయింది. చివరికి మిగిలినవి మూడు: 'నిద్ర పట్టడం లేదు', 'నిద్ర రావడం లేదు', 'నిద్ర సరిగా ఉండటం లేదు'. ఆల్ఫా 0.93!

పేరు మాత్రం ఒత్తిడి స్కేలే. కవరు పేజీ అప్పటికే ప్రింటైపోయింది మరి.