కొట్టిన అక్షరాలకే పట్టాభిషేకం

ఈ దేశంలో మనం అన్న మాటను మరుక్షణమే, అక్షరం పొల్లుపోకుండా, లావుపాటి అచ్చులో మనకే తిరిగి అప్పజెప్పే వ్యవస్థ ఒక్కటే ఉంది. అది సెర్చ్ పెట్టె కింద జారే సూచనల జాబితా. అర్జీ పెట్టుకుంటే ఆఫీసులో మన పేరే తప్పు రాస్తారు. ఇంట్లో రెండోసారి చెబితే తప్ప వినిపించుకోరు. ఈ పెట్టె అలా కాదు. మీరు 'తి' అన్నారో లేదో అరడజను వరసలు పరిచి, ప్రతి వరసలోనూ మీ 'తి'ని బోల్డు చేసి కళ్లకద్దుకుంటుంది. ఇంతటి వినయాన్ని కూడా తప్పుపట్టేవాళ్లు ఉన్నారంటే నమ్మబుద్ధి కాదు. ఉన్నారు. మా తిరుపతిలోనే ఉన్నారు.

తప్పు మనుషులది కాదు, భూగోళానిది. తిరుపతి, తిరుమల, తిరుచానూరు మా సొంతం. రాష్ట్రం పొలిమేర దాటగానే తిరుత్తణి, తిరువళ్లూరు. ఇంకాస్త ముందుకు పోతే తిరువణ్ణామలై, తిరుచిరాపల్లి, ఓపిక ఉంటే తిరునెల్వేలి. ఏదైనా ప్రయాణాల సైటులో 'తిరు' అని కొట్టి చూడండి. వరసకొక 'తిరు', అన్నీ నల్లగా, నిండుగా, ఒకదాని కింద ఒకటి బారులు తీరి ఉంటాయి. అది ఏ ఊరో చెప్పవలసిన పతి, మల, చానూరు, త్తణి మాత్రం పలచటి బూడిదరంగులో పక్కకు ఒదిగి ఉంటాయి. ఊళ్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదానికి పట్టాభిషేకం, ఊరికీ ఊరికీ తేడా చెప్పేదానికి అరణ్యవాసం.

మొన్న ఆర్టీసీ బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోనును చేయి చాచినంత దూరం పెట్టి, "అన్నీ ఒకటే చూపిస్తున్నాడు నాయనా, నాకు తిరుత్తణి కావాలి" అన్నారు. ఆయన వేలు అప్పటికే తిరువళ్లూరు మీద ఆనింది. ఆయన చదవగలిగినవి ఆయన కొట్టిన అక్షరాలే. అవసరమైనవి కనబడలేదు. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని రాసుకున్న ప్రమాణాల్లో, మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలని ఒక లెక్క ఉంది. ఆ బూడిదరంగును ఎంచినవారు ఈ లెక్కను కూడా అదే రంగులో చదివి ఉంటారు.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదని సమర్థించేవారూ ఉన్నారు. "దోసెల్లో ఏమేమి ఉన్నాయి?" అని అడిగితే సర్వరు "దోసె!" అని హోటలంతా మారుమోగేలా అరిచి, మసాలా, ఉల్లి, కారం అన్న మాటలను తువ్వాలులోకి గొణుగుతాడు. మనం ఏదో ఒకటి తినే లేస్తాం. నిజమే. కానీ తినాల్సినది ఒక దోసె బదులు ఇంకో దోసె అయితే సర్దుకోవచ్చు, దిగాల్సిన ఊరి విషయంలో అలా కుదరదు.

మా మేనల్లుడు బెంగళూరులో ఇలాంటి పెట్టెలే తయారుచేస్తుంటాడు. పండక్కి వచ్చినప్పుడు పట్టుకుని అడిగాను.

"నేను కొట్టింది నాకు తెలుసు కదరా. దాన్నే లావు చేసి నాకు చూపించడం ఎందుకు?"

"ఏది మ్యాచ్ అయిందో మీకు తెలియాలి కదా మామయ్యా."

"తెలిస్తే?"

"తెలిస్తే, మ్యాచ్ అయిందని తెలుస్తుంది."

ఇంతకన్నా గట్టి వాదన నాకు వేదాంతంలోనూ ఎదురుకాలేదు.

గూగుల్‌కు ఈపాటి మర్యాద కూడా తెలియదు. కెవిన్ గిబ్స్ అనే ఇంజనీరు చేసిన సూచనల పెట్టెను ఆ సంస్థ 2004 డిసెంబరులో ప్రయోగంగా జనం ముందు పెట్టింది, 2008లో తన ముఖద్వారంలోనే నిలబెట్టింది. అక్కడ మనం కొట్టిన ముక్క సాదాగా ఉంటుంది, మనం కొట్టని మిగతా భాగం బోల్డులో వస్తుంది. అంటే 'తిరు' అన్నవాడికి పతి, మల, చానూరు కొట్టొచ్చినట్టు కనబడతాయి. వాడుకునేవాడి సొంత అక్షరాలకు ఇంతటి అవమానం జరుగుతున్నా ఇన్నేళ్లుగా ఎవరూ ధర్నాకు దిగకపోవడం ఆశ్చర్యం.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. కొట్టిన ముక్క పేరు మధ్యలోనో చివరలోనో దొరికినప్పుడు దాన్ని వెలిగించడంలో అర్థం ఉంది. 'గిరి' అని కొడితే చంద్రగిరి, వెంకటగిరి, ఉదయగిరి ఎందుకు వచ్చాయో ఆ బోల్డే చెబుతుంది. అక్కడ అది జవాబు. మొదటి అక్షరం నుంచీ కలిసే చోట మాత్రం ఉత్త ప్రతిధ్వని.

ఇంతవరకు జరిగింది కంటికి సంబంధించిన ఇబ్బంది. అసలు నేరం తెలుగులో జరుగుతోంది. ఈ పెట్టెలు చాలావరకు అక్షరాలను చూడవు, సంకేతాలను లెక్కపెడతాయి. లిపులన్నిటికీ కంప్యూటరు సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో హల్లుకు ఒక సంకేతం, గుణింతపు గుర్తుకు ఒకటి, పొల్లుకు ఒకటి. 'తిరుచ' దాకా కొట్టి ఆగండి. తిరుచానూరులో దీర్ఘం, తిరుచిరాపల్లిలో గుడి తమ 'చ' నుంచి తెగిపోయి, చుక్కల సున్నా ఒకదాన్ని పట్టుకుని వేలాడుతుంటాయి. బోల్డు అంటే అదే అక్షరానికి ఇంకాస్త సిరా పూయడం కాదు. బోల్డు ఫాంటు వేరు, మామూలు ఫాంటు వేరు, ఆ రెంటి మధ్య గుణింతం అతకదు. ఒక్క 'ర' కొడితే శ్రీకాళహస్తి శ్రీకారమే మూడు ముక్కలవుతుంది. క్షేత్రమహిమ కూడా కాపాడలేకపోయింది.

చిత్తూరువారి బాధ ఇంకా పెద్దది. వాళ్లు 'చిత్తూరు' కొడుతూ కొడుతూ మూడో సంకేతం దగ్గర ఊపిరి పీల్చుకుంటే చాలు, ప్రతి వరసలోనూ బోల్డులో 'చిత' అని వెలుగుతుంది. పక్కనే పొల్లు, దాని వెనుక దిక్కులేని 'తూరు'. పొద్దున్నే ఫోను తెరిచినవాడికి ఇది శుభశకునం కాదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతిని వేరే జిల్లా చేసినప్పుడు ప్రభుత్వం మండలాలను, ఆఫీసులను, కుర్చీలను పంచింది కానీ, చిత్తూరులోని తకారాన్ని దాని ఒత్తు నుంచి విడదీసే సాహసం చేయలేదు. ఒక సైటు రెండు వరసల కోడుతో ఆ పని చేసేసింది.

యూనికోడ్ పెద్దలు మాత్రం ఏం తొందరపడ్డారు? తెలుగు 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే ఉంది. అయినా లిపిని ఎక్కడ కోయవచ్చో చెప్పే దాని మామూలు నియమం చాలాకాలం చిత్తూరును చి, త్, తూ, రు అనే ముక్కలుగానే చూసింది. తెలుగులోనూ మరికొన్ని భారతీయ లిపుల్లోనూ సంయుక్తాక్షరాన్ని మధ్యలో తెంపరాదన్న సవరణ 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో చేరింది. తెలుగు ఒత్తు మాత్రం అంతకుముందే ఒకసారి బదులు తీర్చుకుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'ను ఒక ప్రత్యేకమైన కూర్పులో పంపితే ఐఫోన్లలో యాప్‌లు టపటపా కూలిపోయాయి. ఆపిల్ ఆ నెలలోనే సవరణ విడుదల చేసి బయటపడింది. అహింసావాదిని కనుక ఆ కూర్పును ఇక్కడ రాయడం లేదు.

ఇంగ్లీషులో కొట్టేవారు తప్పించుకున్నారని అనుకోకండి. తిరుపతి చివరి 'తి'లో 'హెచ్' ఉందా లేదా అన్న వివాదం మా ఊళ్లో బోర్డుల మీదే తేలలేదు. హెచ్ పెట్టి కొడితే సైటు వెనుక ఉన్న కంప్యూటరు పెద్దమనసుతో క్షమించి సరైన ఊరినే పంపుతుంది. కానీ బోల్డు చేసే పని మన బ్రౌజరులో కూర్చున్న వేరే గుమాస్తాది. ఉన్నది ఉన్నట్టు కలిస్తేనే అతను కలం కదుపుతాడు. వరస వెలవెలబోతూ వస్తుంది. ఇక పొరపాటున ఒంటరి బ్రాకెట్టు కొట్టారంటే, దాన్ని ఆజ్ఞగా కాక మామూలు గుర్తుగా చూడమని ముందే చెప్పని సైట్లలో ఆ గుమాస్తా సొమ్మసిల్లి, జాబితా మొత్తం మాయమవుతుంది.

ఇందులో లాభపడినవారు ఒక్కరే. చూపులేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు మామూలుగా బోల్డు సంగతి ఎత్తవు. అందుకని వాళ్లకు ఊరి పేరు మొదటి నుంచి చివరి దాకా ఒకే గొంతుతో వినిపిస్తుంది.

నా నస భరించలేక మేనల్లుడు తను చేస్తున్న ఒక సైటులో పద్ధతి మార్చాడు. కొట్టిన ముక్క సాదాగా, మిగిలింది బోల్డుగా, కోత ఎప్పుడూ నిండు అక్షరం దగ్గరే. వారం తిరక్కుండానే ఆ సైటు యజమాని ఫోను చేశాడట. "సెర్చ్ పాడైనట్టుంది బాబూ, నేను కొట్టింది వెలగడం లేదు. డబ్బు కట్టినవాడిని, పనిచేస్తోందని నాకెలా తెలుస్తుంది?" అన్నాడట. ఇప్పుడు అందులో కొట్టిన అక్షరాలు బోల్డుగానే ఉన్నాయి. కింద పసుపురంగు కూడా పూశారు.